సీరియల్ ఆగింది, మరిదితో మాటా ఆగింది. తప్పెవరిది?

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మావారు కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. మా ఊళ్లో కేబుల్ నడిపేది మావారి చిన్నాన్నగారబ్బాయి, నాకు మరిది. నెలన్నర నుంచి మా అత్తయ్యగారు రోజూ చూసే సీరియల్ వచ్చే ఛానలూ, దానితోపాటు ఇంకో మూడు నాలుగు ఛానళ్లూ రావడం లేదు. అడిగితే "నేనాపలేదు వదినా, పైన మాకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీకీ (ఎమ్మెస్వోకీ) ఛానల్ వాళ్లకీ పడలేదు, క్యారేజీ ఫీజు గొడవ" అన్నాడు. మావారు నమ్మలేదు. నలుగురిలో "నెలకి 330 తీసుకుని జేబులో వేసుకుంటున్నావు" అనేశారు. రెండు నెలల బిల్లు కట్టకుండా ఆపేశారు. మరిది మా లైను తియ్యలేదు గానీ మా గుమ్మం తొక్కడం మానేశాడు. వచ్చే నెల వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్. అత్తయ్యగారు ఇటు సీరియల్ లేదని, అటు కొడుకులిద్దరికీ మాటల్లేవని దిగులు పెట్టుకున్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయేమో "అమ్మా, ఇక్కడా ఇంతే, పోయినేడు మాకూ ఛానళ్లు ఆపేశారు" అంటున్నాడు. ఇందులో తప్పెవరిది? బిల్లు కట్టాలా వద్దా? కేబుల్ తీసేసి డిష్ పెట్టించుకోమంటారా?

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సీరియల్ సంగతి కంటే ఓణీల ఫంక్షన్ సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీ మరిది చెప్పింది నూటికి తొంభై పాళ్లు నిజమే అయి ఉంటుంది. అయితే అతను వాడిన మాట మాత్రం బహుశా తప్పు. ఆ ఒక్క మాట వల్లే మీవారికి అనుమానం వచ్చి ఉంటుంది కాబట్టి ముందు అక్కడి నుంచి మొదలుపెడతాను.

క్యారేజీ ఫీజు అంటే ఛానల్ వాళ్లు కేబుల్ కంపెనీకి కట్టే డబ్బు. మా ఛానల్‌ని కూడా మీ తీగ మీద మోసుకెళ్లి జనం ఇళ్లలో చూపించండి, అందుకు ఇంత ఇస్తాం అని ఇచ్చే డబ్బు. దీనికి ఎదురు దిక్కులో నడిచే డబ్బు ఇంకొకటుంది. కేబుల్ కంపెనీ మన దగ్గర వసూలు చేసి పే ఛానళ్లకి (డబ్బు కడితేనే వచ్చే ఛానళ్లకి) కట్టే చందా అది. రావులపాలెంలో హైవే మీద మిఠాయి కొట్టు ఉందనుకోండి. ఆత్రేయపురం పూతరేకులు లేకపోతే కారు దిగినవాళ్లు మొహం తిప్పుకుని పక్క కొట్టుకి పోతారు, అందుకని కొట్టాయనే డబ్బిచ్చి వాటిని తెచ్చుకుంటాడు. అదే ఎవరూ పేరు వినని కొత్త మిక్చర్ పొట్లం వస్తే, దాన్ని కంటికి కనబడేచోట వేలాడదీసినందుకు ఆ కంపెనీ కుర్రాడే కొట్టాయనకి ఎదురు ఇస్తాడు. కొట్టు ఒకటే, సరుకుని బట్టి డబ్బు నడిచే దిక్కు మారుతుంది. జనం పేరుపెట్టి అడిగే సీరియల్ ఛానల్ పూతరేకుల్లాంటిది. కొత్తగా పెట్టిన న్యూస్ ఛానలో, భక్తి ఛానలో, సంగీతం ఛానలో మిక్చర్ పొట్లం లాంటిది.

మీ అత్తయ్యగారు రోజూ చూసే ఛానల్ అంటే తెలుగులో పెద్ద ఛానలే అయ్యుండాలి. అలాంటిదానికి క్యారేజీ ఫీజు గొడవ రావడం చాలా అరుదు. టీవీ, ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2017లో పెట్టిన నిబంధనల్లోనే దీనికి కట్టుబాటు ఉంది. మామూలు ఛానల్‌కి ఒక్కో కనెక్షన్‌కి నెలకి 20 పైసలకి మించి క్యారేజీ అడగకూడదు, ఆ ఛానల్ తీసుకున్న ఇళ్లు పెరిగేకొద్దీ ఆ పైసలు తగ్గాలి, నూటికి ఇరవై ఇళ్లు దాటితే అసలు అడగకూడదు. అంటే లక్ష బాక్సులున్న ఎమ్మెస్వో కూడా జనాదరణ లేని ఛానల్ దగ్గర నెలకి 20 వేలకి మించి తీసుకోకూడదన్నమాట. ఊరంతా చూసే సీరియల్ ఛానల్ దగ్గర తీసుకునేది సున్నా. కాబట్టి మీ ఊళ్లో జరిగింది చందా గొడవ అయ్యుంటుంది. ఛానల్ వాళ్లు ప్యాకు ధర పెంచి ఉంటారు, లేదా ఎమ్మెస్వో పాత బాకీ పడి ఉంటాడు, లేదా కొత్త ఒప్పందం మీద సంతకం దగ్గర పేచీ వచ్చి ఉంటుంది. మన ప్రాంతంలో ఈ రకం తగువు ఏదొచ్చినా క్యారేజీ గొడవే అనేస్తున్నారు. మీ మరిదిని ఒక్క ప్రశ్న అడగండి, "ఈ ఛానల్ విషయంలో మీ ఎమ్మెస్వో వాళ్లకి కట్టాలా, వాళ్లే ఎమ్మెస్వోకి కట్టాలా?" అని. ఆ జవాబుతో సగం సంగతి తేలిపోతుంది.

క్యారేజీ అనే మాట ఇంతగా నోళ్లలో ఎందుకు నానిందంటే పాత రోజుల వల్ల. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో కేబుల్ వచ్చిన కొత్తలో నల్ల తీగని కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకి కట్టుకుంటూ లాక్కొచ్చారు, దింపు తీసేవాడి కత్తి తగిలి తెగిపోతే ఆ సాయంత్రం వీధిలో టీవీలన్నీ చీకటే. అప్పుడు ఒక తీగలో వంద ఛానళ్లకి మించి పట్టేవి కావు, పాత టీవీల్లో కొన్ని నెంబర్ల తర్వాత బొమ్మే పడేది కాదు. ముందు నెంబర్ల కోసం ఛానళ్లు పోటీ పడి డబ్బు కట్టేవి. అందులోనూ ప్రేక్షకుల లెక్క చూసే మీటర్లు అప్పట్లో పట్టణాల్లోనే ఉండేవి గనుక డబ్బంతా ఆ ఊళ్ల ఎమ్మెస్వోలకే పోయేది. పల్లెల ఇళ్లని లెక్కలోకి తీసుకోవడం ప్రేక్షకుల లెక్క చూసే బార్క్ సంస్థ వాళ్లు 2015లో గానీ మొదలుపెట్టలేదు. సెట్ టాప్ బాక్సులొచ్చాక చోటుకి ఆ కరువు పోయింది గానీ మంచి చోటు కోసం పోటీ పోలేదు. మీరు బాక్స్ ఆన్ చెయ్యగానే మీరు నొక్కకుండానే ఒక న్యూస్ ఛానల్ మొదలవుతుందేమో గమనించండి. దాన్ని ల్యాండింగ్ పేజీ అంటారు, అక్కడ కూర్చోవడానికి ఛానళ్లు డబ్బు కడతాయి.

ఇక మీ మరిది జేబు సంగతి. మీవారు నలుగురిలో అన్న మాట ఇదే కాబట్టి లెక్క వివరంగా రాస్తాను, ఈ కాగితం ఆయనకి చూపించండి. మీ 330లో కేబుల్ కనెక్షన్‌కి 130, పే ఛానళ్ల ప్యాక్‌కి 150 అనుకుందాం. మొత్తం 280, దాని మీద 18 శాతం జీఎస్టీ 50 రూపాయల 40 పైసలు, కలిపితే 330.40. (ఆ 130 ఎక్కడిదంటే, 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి వచ్చినప్పుడు కనెక్షన్ ఛార్జీకి పెట్టిన గరిష్ఠ ధర అది. 2024 జులైలో ఆ పరిమితి తీసేశారు, ఇప్పుడు ఎవరి రేటు వాళ్లు పెట్టుకోవచ్చు.) ప్యాక్ 150లో 80 శాతం, అంటే 120 వరకు ఛానళ్లకే వెళ్తుంది. మిగతా 30, ఆ పైన కనెక్షన్ ఛార్జీ 130 ఎమ్మెస్వో, ఊరి ఆపరేటర్ పంచుకోవాలి. వాళ్ల మధ్య వేరే మాట లేకపోతే ట్రాయ్ నమూనా ఒప్పందం ప్రకారం ఎమ్మెస్వోకి 55, ఆపరేటర్‌కి 45 పాళ్లు. లెక్క వేస్తే మీ ఇంటి మీద మీ మరిదికి మిగిలేది 72 రూపాయలు. అందులోంచే తీగలు, యాంప్లిఫయర్లు, కంట్రోల్ రూమ్ కరెంటు, గాలివానకి చెట్టు పడితే మళ్లీ లాగించే కూలీ. 330 జేబులో వేసుకుంటున్నాడన్న మాట ఎంత పెద్ద మాటో చూడండి.

ఇంకొకటి, ఇది మీరు జాగ్రత్తగా చదవాలి. ఇప్పుడు చాలాచోట్ల బాక్సులన్నీ ప్రీపెయిడ్. ఆపరేటర్ ముందుగా ఎమ్మెస్వో దగ్గర డబ్బు వేసుకోవాలి, ఒక్కో ఇంటి బాక్సుకీ నెలనెలా అందులోంచి కోసుకుంటారు, వెయ్యకపోతే బాక్స్ దానంతటదే ఆగిపోతుంది. మీరు రెండు నెలల బిల్లు కట్టలేదు, అయినా మీ టీవీలో మిగతా ఛానళ్లన్నీ వస్తున్నాయి. మీ ఊళ్లోనూ ప్రీపెయిడ్ పద్ధతే అయితే దాని అర్థం ఒక్కటే, మీ బాక్సుకి మీ మరిదే తన చేతి డబ్బు వేస్తున్నాడు. మాట పడి, మీ గుమ్మం తొక్కకుండా, ఎవరికీ చెప్పకుండా తన వదిన ఇంట్లో టీవీ ఆగకుండా చూస్తున్నాడు. ఇది నిజమో కాదో అతన్నే అడగండి. మీవారు అడిగితే ఇంకా మంచిది.

మీవారికి ఇంకో మాట కూడా చెప్పండి. అంబాజీపేటలో కాయ రేటు పడిపోయిన రోజున రైతు ఎవర్ని తిడతాడు? ఆ రేటు కట్టిన వాళ్లని కాదు, తన గట్టు మీదకి వచ్చి కాయలు లెక్కపెట్టే మీవార్నే. "నువ్వే తగ్గించేశావు" అంటాడు. ఆ నొప్పి ఆయనకి తెలుసు. ఎమ్మెస్వోకీ ఛానల్ కంపెనీకీ మధ్య జరిగే బేరంలో మీ మరిదికి కూర్చోవడానికి కుర్చీ కూడా ఉండదు. అయినా సాయంత్రం వీధిలో అందరూ అడిగేది అతన్నే.

ఈ బేరం ఎంత పెద్దదో తెలియడానికి ఒక సంగతి. 2023 ఫిబ్రవరిలో డిస్నీ స్టార్, జీ, సోనీ, ఈ మూడు సంస్థలూ కొత్త ధరల ఒప్పందాల మీద సంతకం చెయ్యని పెద్ద కేబుల్ కంపెనీలకి సిగ్నల్ ఆపేశాయి. దేశంలో 4.5 కోట్ల ఇళ్లలో ఛానళ్లు పోయాయని కేబుల్ కంపెనీల సమాఖ్య చెప్పింది. స్టార్ మా, జీ తెలుగు అప్పుడు ఆ సంస్థలవే. ధరలు పెంచారు, ఆ భారం జనం మీద వెయ్యలేమని కేబుల్ వాళ్లన్నారు, ట్రాయ్ చెప్పిన పద్ధతిలోనే పెట్టాం, మిగతావాళ్లంతా సంతకాలు చేశారు కదా అని ఛానల్ వాళ్లన్నారు. వారం తిరక్కుండానే సర్దుకుని ఛానళ్లు తిరిగొచ్చాయి. నా మటుకు నాకు ఇద్దరి మీదా కోపమే. బేరం కుదరకపోతే వాళ్లు ఆపేది మనం అప్పటికే నెల డబ్బు కట్టేసిన ఛానల్‌ని. మన సీరియల్‌ని అడ్డం పెట్టుకుని అవతలివాడి మెడ వంచాలని చూస్తారు. గొడవ తీర్చుకోవడానికి టీడీశాట్ అనే ట్రిబ్యునల్ ఏళ్ల తరబడి ఉంది, అక్కడ తేల్చుకునేదాకా సిగ్నల్ ఉంచితే ఏం పోయిందని నా బాధ. ఇప్పుడు జనం ఫోన్లకీ యాప్‌లకీ మళ్లుతున్నారు, 2020లో దాదాపు 7 కోట్లున్న పే డీటీహెచ్ (నెలనెలా డబ్బు కట్టే డిష్) కనెక్షన్లు 2025కి 6 కోట్ల లోపుకి పడిపోయాయి, కేబుల్ పరిస్థితీ అంతకంటే మెరుగ్గా లేదు. వచ్చే డబ్బు తగ్గేకొద్దీ ఇద్దరి మధ్యా పట్టుదల పెరుగుతోంది.

మీ అబ్బాయి చెప్పిందీ నిజమే. 2025 అక్టోబరు 30 రాత్రి నుంచి నవంబరు 14 దాకా అమెరికాలో యూట్యూబ్ టీవీలో (నెల చందా మీద ఇంటర్నెట్‌లో ఛానళ్లిచ్చే సర్వీసులో) డిస్నీ ఛానళ్లు, ఈఎస్‌పీఎన్, ఏబీసీతో సహా, రాలేదు. అంతకు ముందు 2023లో చార్టర్ అనే కేబుల్ కంపెనీకీ డిస్నీకీ ఇలాగే పది రోజులకి పైగా నడిచింది. అక్కడా తగువు చందా డబ్బు గురించే, కనెక్షన్‌కి ఇంత చొప్పున ఛానల్‌కి ఎంత కట్టాలన్నదే. యూట్యూబ్ టీవీ వాళ్లు చందాదారులకి 20 డాలర్లు వెనక్కిస్తామన్నారు. నేను పట్టుకోమనేది ఈ ముక్కనే. చూపించనిదానికి డబ్బు తీసుకోకూడదు. ఇది మన దగ్గర కూడా అడగొచ్చు, అడగాలి.

మరిది మంచివాడని రాశాను గదా అని అతని పక్కన ఏ పొరపాటూ లేదనను. ఒప్పందం తెగేముందు ఛానల్ వాళ్లు ఎమ్మెస్వోకి మూడు వారాల నోటీసు ఇవ్వాలి, ఎమ్మెస్వో 15 రోజుల ముందు నుంచీ టీవీలో కింద స్క్రోలింగ్ వేసి చందాదార్లకి చెప్పాలి. మీకు అది కనబడిందా? ఛానల్ పోయాక బిల్లు తగ్గిందా? తగ్గకపోతే ఆ తప్పు ముందు ఎమ్మెస్వోది. అయినా మీ ఇంటికొచ్చి వసూలు చేసేవాడిగా మీ మరిది, "వదినా, ఈ నెల ఇంత తగ్గించుకోండి" అని తనే చెప్పి ఉండాల్సింది. ఊళ్లో కనెక్షన్లు పోతాయని భయపడి మాట దాటేసి ఉంటాడు, అక్కడే అనుమానం పుట్టింది.

ఒకవేళ మీకింకా నమ్మకం కుదరకపోతే తెలుసుకునే దారి ఉంది. ఒకే సంస్థకి చెందిన నాలుగైదు ఛానళ్లు పోయి మిగతావి వస్తుంటే అది ఎమ్మెస్వోకీ ఆ సంస్థకీ మధ్య వ్యవహారం. మీ ఊళ్లో ఒక్కచోటే అన్ని పే ఛానళ్లూ పోయి పక్క ఊళ్లో అదే ఎమ్మెస్వో కింద వస్తుంటే అప్పుడు మీ ఊరి ఆపరేటర్ బాకీ పడ్డాడేమో అడగాలి. మీ ఒక్క ఇంట్లోనే పోతే రీఛార్జి చూసుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి మొదటిదే. మలికిపురంలోనో సఖినేటిపల్లిలోనో అదే ఎమ్మెస్వో కనెక్షన్ ఉన్న చుట్టాలకి ఒక ఫోన్ కొడితే ఐదు నిమిషాల్లో తేలుతుంది. (న్యూస్ ఛానళ్లు పోయినప్పుడు మాత్రం ఇంత సులువుగా చెప్పలేం. 2024 జూన్‌లో మన రాష్ట్రంలో టీవీ9 ఆగినప్పుడు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది, తిరిగి ఇవ్వమని 15 మంది ఆపరేటర్లని కోర్టు ఆదేశించింది. అది రేటు గొడవ కాదు.)

బిల్లు సంగతి. కట్టాలి. కానీ తగ్గించుకుని కట్టాలి. పోయిన ఛానళ్ల ప్యాక్ ధర 40 రూపాయలనుకుందాం, అసలు ధర మీ బిల్లులోనో, టీవీలో 999 నెంబరు నొక్కితే వచ్చే సమాచారం ఛానల్లోనో చూసుకోండి. 40 మీద జీఎస్టీ కలిపితే 47.20. నెలన్నరకి 70.80. మీ రెండు నెలల బిల్లు 660.80. అందులోంచి 70.80 తీసేస్తే మీరు ఇవ్వాల్సింది 590. మీవారు 71 రూపాయల కోసం 590 ఆపారు, దానివల్ల ఒక ఫంక్షన్ పిలుపు ఆగే పరిస్థితి వచ్చింది. ఇక ముందు ఆ ప్యాక్ తీసేయమని మీ మరిదికి రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లో అయినా చెప్పండి, తర్వాత ఎమ్మెస్వో దగ్గర చూపించుకోవడానికి అతనికీ పనికొస్తుంది. ఎమ్మెస్వో తగ్గించనంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నెంబరు తీసుకోండి, ఆ పైన అదే కంపెనీలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్, అదీ కాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. ట్రాయ్‌కి ఉత్తరం రాయమని కొందరు చెప్తారు, ట్రాయ్ ఇంటింటి ఫిర్యాదులు తీర్చదు, రూల్స్ పెట్టేది మాత్రమే.

డిష్ పెట్టించుకోవద్దని చెప్పను, అది మీ ఇష్టం. కానీ ఈ తగువు నుంచి తప్పించుకోవడానికైతే వద్దు. 2018 అక్టోబరులో టాటా స్కైలో సోనీ ఛానళ్లు ఇదే రేటు గొడవతో పోయాయి, డిష్ మీద కూడా ఆపుతారు. డీడీ ఫ్రీ డిష్ అయితే ఒకసారి డిష్షూ బాక్సూ కొంటే నెలనెలా కట్టక్కర్లేదు, కానీ అందులో పే ఛానళ్లుండవు, మీ అత్తయ్యగారి సీరియల్ దొరకదు. అక్కడ కూడా ప్రైవేటు ఛానళ్లు చోటు కోసం ప్రసార భారతి పెట్టే వేలంలో డబ్బు కట్టే వస్తాయి.

ఈలోపు అత్తయ్యగారి కోసం ఒక పని చెయ్యండి. ఆ ఛానల్ సొంత యాప్‌లో ఆ సీరియల్ ఎపిసోడ్లు ఉంటాయి, కొన్నిటికి డబ్బు కట్టాలి, కొన్నిటికి అక్కర్లేదు. ఫోన్‌ని టీవీకి కలపడం మీకు రాకపోతే మీ అబ్బాయిని వీడియో కాల్‌లో ఉండి చెప్పమనండి, ఆదివారం పొద్దున్న అతనికీ తీరికే. నెలన్నర కథ వరసగా చూస్తే అత్తయ్యగారికి రెండు మూడు రోజులు కాలక్షేపం.

ఇక ఆ 590 రూపాయలు మీరు ఫోన్‌పే చెయ్యకండి. లెక్క ఒక కాగితం మీద రాసి మీవారి చేతికిచ్చి, దింపు లేని రోజు చూసి సాయంత్రం పూట కంట్రోల్ రూమ్‌కి పంపించండి. నలుగురూ ఉన్నప్పుడే వెళ్లమనండి, మాట అన్నది నలుగురిలో కదా. "లెక్క చూశాన్రా, నేనన్నది తప్పు" అంటే చాలు, బాక్సుకి అతనే డబ్బు వేశాడని తేలితే "రెండు నెలలు మా బాక్సుకి నువ్వే వేశావంట కదా" అని కూడా అనమనండి. ఆ తర్వాత మీరు చేటలో పసుపూ కుంకుమా పట్టుకుని మీ తోటికోడలి దగ్గరికి వెళ్లి, ఓణీలకి పట్టులంగా ఏ రంగు తీసుకున్నారో, ఇంకా తియ్యకపోతే ఎక్కడ తీద్దామనుకుంటున్నారో అడగండి. పిలుపు కోసం ఎదురు చూడకండి, మీరు పెద్దకోడలు.